చల్లారిన కాఫీ, చల్లని కాఫీ

కృష్ణపట్నం అనగానే ఇప్పుడు మీకు ఓడరేవు గుర్తొస్తుంది. లేదా 2021లో కరోనా మందు కోసం జనం కట్టిన బారులు గుర్తొస్తాయి. నాకు మాత్రం మా అమ్మ వంటిల్లు గుర్తొస్తుంది. నాయన పోయి ఆరేళ్ళయింది. అప్పటి నించి ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. మా దగ్గరికి రమ్మంటే, "సముద్రం గాలి లేకపోతే నాకు నిద్ర పట్టదు" అంటుంది. పట్టే నిద్రేమన్నా ఎక్కువా అంటే అదీ కాదు. నాలుగింటికల్లా లేచి కూర్చుంటుంది.

పోయిన వేసవిలో మా అమ్మాయిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను. ఆ రాత్రి అన్నాలయ్యి, గిన్నెలు సర్దుకున్నాక, మా అమ్మాయి ఒక గాజు జాడీలో కాఫీపొడి వేసి, మీద చన్నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టింది. అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అక్కడే నిలబడి చూస్తోంది.

"ఏందమ్మే ఇది? కాఫీపొడిని నానేస్తా ఉండావు, మినప్పప్పు మాదిరి?"

"కోల్డ్ బ్రూ అమ్మమ్మా. పొయ్యి వెలిగించకుండా కాఫీ. పొద్దునకి తయారవుతుంది, చల్లగా తాగుతారు."

"చల్లారిన కాఫీకి ఇంత సంబడమా! నేను యాభై ఏళ్ళ నించీ తాగతానే ఉండా."

ముగ్గురం పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వైతే నవ్వాను గాని, డాబా మీద పడుకున్నాక ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెవిలో పడింది. నిజమే కదూ! ఇంటిల్లిపాదికీ కాఫీలు అందించి, పాలవాడికి బదులు చెప్పి, పిల్లలకి జడలు వేసి, తన గ్లాసు దగ్గరికి వచ్చేసరికి దానిమీద తెట్టు కట్టి ఉంటుంది. మళ్ళీ వెచ్చబెట్టుకునే తీరిక ఎక్కడిది? గటగటా తాగేసి గ్లాసు తొట్లో పడేస్తుంది. ఈ పేజీ చదువుతుండగా మీలో ఎందరి గ్లాసులు పక్కన చల్లారిపోతున్నాయో! లేదని మాత్రం అనకండి.

అందుకే ఈ కాఫీ కథని ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూద్దామనిపించింది. దొరల వైపు నించి కాదు, పొయ్యి వైపు నించి.

కాఫీ రాకముందు మన ఇళ్ళలో పొద్దుటిపూట చద్దన్నం ఉండేది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉట్టి మీద పెడితే, తెల్లారేసరికి కాస్త పులిసి, చల్లగా, కమ్మగా తయారయ్యేది. పక్కన ఉల్లిపాయ, ఊరగాయ బద్ద ఉంటే చాలు. తరవాణి కుండ సంగతీ అంతే. చిన్ని కృష్ణుడు గోపబాలురతో కూర్చుని చల్దులారగించడం పోతన గారి భాగవతంలో మనమంతా చదువుకున్నదే. ఆ చల్దుల్లో నాకిప్పుడు వేరే సంగతి కనిపిస్తోంది. చద్దికి పొద్దున్నే పొయ్యి అక్కర్లేదు. చెయ్యవలసిన పని రాత్రే అయిపోతుంది, మిగతాది కాలం చేసిపెడుతుంది. అలాగని ఆనాటి ఇల్లాలు ఎండెక్కిందాకా పడుకునేదని కాదు. కళ్ళాపి, పాడి, దంపుడు, విసురుడు అన్నీ ఆమెవే. కాని కళ్ళు మండుతూ నిప్పు ఊదే పని మాత్రం చీకట్లో ఉండేది కాదు. ఆ నిప్పుని నాలుగింటికి లాక్కొచ్చింది కాఫీ.

కాఫీచెట్టు పుట్టిల్లు ఇథియోపియా కొండలు. ఆ గింజల కషాయాన్ని 15వ శతాబ్దంలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రంతా మేలుకుని ప్రార్థన చేసుకోవడానికి తాగేవారు. అక్కడ ఎవరు మేలుకోవాలో వాళ్ళే తాగారు. మన దగ్గరికొచ్చేసరికి తాగేవాళ్ళు ఒకరు, మేలుకునేవాళ్ళు ఇంకొకరు అయ్యారు! 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ ఫకీరు మక్కాయాత్ర నించి తిరిగొస్తూ, మోఖా రేవులో ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండల్ని ఇప్పటికీ బాబా బుడన్ గిరి అనే అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు మైసూరు, కూర్గు, నీలగిరి కొండల్లో పెద్దయెత్తున తోటలు వేశారు. కాని ఆ పంట మనకోసం కాదు, ఓడలెక్కి పోవడానికి.

మన వంటిళ్ళలోకి కాఫీ గట్టిగా వచ్చింది 20వ శతాబ్దంలోనే. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి మాకు పట్నమంటే మద్రాసే, మోజులన్నీ మద్రాసువే. అక్కడి నించి మా ఊరికి దారి బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర చిన్నగా తవ్వడం మొదలుపెట్టి, ముక్కలు ముక్కలుగా తీరం పొడుగునా పొడిగించారు. 1877-78లో కరువు నాడు కూటికి లేని జనం చేత కూలికి మద్రాసు ఊళ్ళోని ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే దానికి నిలిచింది. తవ్విన చేతుల పేర్లు ఎవరికీ గుర్తు లేవు.

ఆ కాలువ మీద మా వైపు నించి పడవల్లో పోయేవేమిటో తెలుసా? ఉప్పు, శ్రీహరికోట అడవి కట్టెలు, తీరంలోని సరుగుడు కట్టెలు. తిరుగు పడవల్లో వచ్చే సరుకుల్లో కాఫీగింజల మూట ఒకటి ఉండేదని మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, చెప్పేది. మద్రాసు ఆడవాళ్ళు మా కట్టెలతో పాలు కాచుకుంటుంటే, మద్రాసు గింజల కోసం మా ఆడవాళ్ళు అవే కట్టెలు ఊదుకునేవాళ్ళన్నమాట. 1965, 66, 76 తుఫానులతో కాలువ పూడి పడవలు ఆగిపోయాయి. కాఫీ మాత్రం ఆగలేదు.

అవ్వ కాపురానికొచ్చింది రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో. ఆమె పొద్దుటి పని చెబుతుంటే నాకు కథలా ఉండేది. సముద్రపు ఒడ్డున నుయ్యి తవ్వితే ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళతో కాఫీ పెడితే నోట పెట్టుకోలేం. అందుకని చీకటితోనే లేచి ఇసుకదిబ్బల మధ్య చెలమకి వెళ్ళి, చిప్పతో తోడి తోడి ఒక బిందె మంచినీళ్ళు తెచ్చేది. సరుగుడు రాలాకు వేసి నిప్పు రాజేసేది. వానాకాలం అయితే తడి కట్టెలు, ఇల్లంతా పొగ. గింజలు వారానికోసారి ఇనప మూకుట్లో వేయించుకోవాలి, గోడకి బిగించిన మరలో పొడి పట్టుకోవాలి. ఇత్తడి ఫిల్టరు పైగిన్నెలో పొడి నొక్కి మరిగే నీళ్ళు పోస్తే, కింది గిన్నెలోకి ఒక్కొక్క చుక్కే దిగుతుంది. ఈలోగా పాలు పొంగకుండా చూడాలి. తాతకి మొదటి గ్లాసు. తర్వాత చుట్టాలు. తర్వాత కొడుకులు.

మొదటి డికాషన్ అక్కడితో సరి. అదే పొడిమీద మళ్ళీ వేడినీళ్ళు పోసి దింపిన రెండో డికాషన్ ఆడవాళ్ళకి. పలచగా, చేదుగా, రంగుకి మాత్రం కాఫీలా ఉండేది. దాన్ని కూడా అవ్వ తలుపు పక్కన నిలబడే తాగేది. పొలం పనివాళ్ళకి అదికూడా పెరట్లోనే, వేరే గ్లాసుల్లో. ఆ గ్లాసులు తాగినవాళ్ళే కడిగి గోడమీద బోర్లించి పోవాలి. ఇవన్నీ ఇంటి మర్యాదలనుకున్నారు మా పెద్దవాళ్ళు. ఎవరికి ఎన్నో డికాషనో, ఎవరికి ఏ గ్లాసో చూస్తే ఆ ఇంటి లెక్కలన్నీ తెలిసిపోయేవి.

ఇంకో చిత్రం చెప్పనా? కాఫీ మన ఇళ్ళలో పీట వేసుకు కూర్చోవడానికి మన మోజు ఒక్కటే కారణం కాదు. 1930ల ఆర్థికమాంద్యంలో ప్రపంచమంతా ధరలు పడిపోయి, మన తోటల కాఫీ అమ్ముడుపోక మూలిగింది. 1935లో కాఫీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో దేశంలోనే కాఫీ అలవాటు పెంచే ప్రచారం మొదలుపెట్టారు. 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌస్ వెలిసింది. ఇంతలో యుద్ధం వచ్చి యూరపు బజార్లు మూసుకుపోయాయి. 1942 చట్టంతో కాఫీ బోర్డు పంటనంతా ఒకచోట చేర్చి అమ్మే బాధ్యత తీసుకుంది. ఊరూరా కాఫీ హోటళ్ళు కూడా వెలిశాయి. వాటి ధర్మమా అని మగవాళ్ళు అక్కడ కూడా కూర్చుని, వేడి వేడి కాఫీ తాగగలిగారు. ఓడలెక్కని కాఫీ అంతా చివరికి దిగవలసింది మా అవ్వ ఇత్తడి ఫిల్టరులోకే.

కాఫీపొడితో వచ్చే చికోరీ కూడా యుద్ధాల బిడ్డే. నెపోలియన్ కాలంలో ఓడల రాకపోకలు ఆగి కాఫీ దొరకనప్పుడు ఫ్రాన్సులో ఈ వేరుని వేయించి పొడికొట్టి వాడారు. అదే మనకి గుజరాతులో పండి, కాఫీపొడిలో చేరి, చివరికి అది లేకపోతే కాఫీయే కాదనేంత చనువు సంపాదించింది.

మర్నాడు పొద్దున మా అమ్మాయి ఆ నానిన కాఫీని పలచటి గుడ్డలో వడకట్టి, గ్లాసులో ఐసుముక్కలు వేసి, అమ్మమ్మకి అందించింది. అమ్మ ఒక్క గుక్క తాగి మొహం అదోలా పెట్టింది. "జ్వరమొచ్చినోళ్ళకి ఇచ్చే కషాయం మాదిరి ఉండాది" అని తీర్పు చెప్పింది. డికాషన్ అంటే అర్థం కషాయమేగా, తీర్పులో తప్పేమీ లేదు.

"ఇది మన విద్య కాదులే, అమెరికా వాళ్ళది" అన్నాను నేను. అన్నాక, నిజంగానా అని అనుమానం వచ్చింది. వెతికితే దారి తిరిగి తిరిగి మా తీరానికే వచ్చింది.

జపాన్ వాళ్ళు చన్నీళ్ళని ఒక్కొక్క బొట్టుగా కాఫీపొడి మీద వదిలి గంటల తరబడి దింపుతారు. దాన్ని వాళ్ళు డచ్ కాఫీ అంటారు. జావా దీవుల నించి వచ్చే డచ్చి ఓడల్లో నిప్పుతో పనిలేకుండా ఇలా చేసుకునేవారనీ, వాళ్ళ దగ్గరే నేర్చుకున్నామనీ కథ చెప్పుకుంటారు. ఈ డచ్చివాళ్ళు మాకు కొత్తవాళ్ళేం కాదు. కృష్ణపట్నానికి దక్షిణంగా తీరం వెంట పోతే వచ్చే పులికాట్‌లో వాళ్ళు 1610లో స్థావరం పెట్టి, 1613లో కోట కట్టారు. ఈ తీరపు నేత బట్టలు, కరువుల్లో అమ్ముడుపోయిన మనుషులు కూడా అక్కడి నించే జావా వైపు ఓడలెక్కారు. అదే డచ్చి కంపెనీ 1696లో మలబారు తీరం నించి కాఫీ మొక్కలు జావాకి తీసుకుపోయింది. అవి వరదలో కొట్టుకుపోతే 1699లో మళ్ళీ తీసుకుపోయింది. జావా నించి 1706లో ఒక మొక్క ఆంస్టర్‌డాం తోటకి, దాని పిల్ల 1714లో ఫ్రాన్సు రాజుగారికి, అక్కడి నించి వాటి సంతతి అమెరికా ఖండాలకి చేరింది. కాబట్టి మా అమ్మాయి "అమెరికా కాఫీ" అని మురిసిపోయే దాని తాతముత్తాతలు మన మలబారులో నీళ్ళు తాగినవే.

చల్లకాఫీ కథలు ఇంకా ఉన్నాయి. 1876లో గ్లాస్గోలో ఒక కంపెనీ కాఫీ, చికోరీ, చక్కెర కలిపిన చిక్కటి పాకాన్ని 'క్యాంప్' అన్న పేరుతో సీసాల్లో అమ్మింది. హిందూదేశంలో దండు విడిసిన స్కాట్లండు సిపాయిలకి పొడి కాచుకునే శ్రమ లేకుండా అన్నమాట. ఆ సీసా మీద బొమ్మ ప్రసిద్ధం. గుడారం ముందు దొర కూర్చుని కాఫీ తాగుతుంటాడు, పక్కన మన సిక్కు సేవకుడు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటాడు. కాలం మారాక ముందు పళ్ళెం తీసేశారు. ఆ తర్వాత 2006లో సేవకుణ్ణి కూడా దొర పక్కన కూర్చోబెట్టి, చేతికి ఒక కప్పు ఇచ్చారు. సీసా మీద బొమ్మకే కూర్చోవడానికి వందేళ్ళు దాటింది. మా అవ్వ తలుపు పక్కనే నిలబడి తాగిందంటే ఆశ్చర్యమేముంది!

ఇంట్లో చేసుకునే చల్లకాఫీకి 1964లో టాడ్ సింప్సన్ అనే అమెరికన్ రసాయన ఇంజనీరు ఒక పాత్ర తయారుచేశాడు. తన పేరు కలిసొచ్చేలా దానికి 'టాడీ' అని పెట్టాడు. ఈ సంగతి చదివి వినిపిస్తే అమ్మ ఉలిక్కిపడింది. "కల్లు ముంతా?" అంది. మా వైపు తాటితోపులకి కొదవ లేదు మరి. ఇంగ్లీషులో టాడీ అన్న మాట మన తాడి నించే పోయిందని చెబితే, "ఇంకేం, కాఫీ మనదే, కల్లూ మనదే" అని తేల్చేసింది.

చేసే విధానం చెప్పకపోతే మీరు ఊరుకోరని తెలుసు. 100 గ్రాముల పొడికి 800 మిల్లీలీటర్ల నీళ్ళు. ఫిల్టరుకి వాడే మెత్తటి పొడి పనికిరాదు, ఇడ్లీరవ్వలా బరకగా ఉండాలి. మెత్తగా ఉంటే వడకట్టేటప్పుడు గుడ్డ పూడిపోయి, అడుగున మడ్డి చేరుతుంది. చికోరీ లేని పొడి తీసుకోండి. చికోరీ చన్నీళ్ళలో కూడా తొందరగా దిగి కాఫీని మింగేస్తుంది. నీళ్ళు కాచి చల్లార్చినవైతే మేలు. కలిపి, మూతపెట్టి, 12 నించి 16 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండలకి అరుగుమీద వదిలేస్తే పాడవుతుంది. వడకట్టాక ఫ్రిజ్‌లోనే పెట్టుకుని నాలుగైదు రోజుల్లో వాడెయ్యండి. ఇది చిక్కటి సారం కాబట్టి అంతకంత నీళ్ళో పాలో కలుపుకోవాలి. చేదు తెలియడం లేదు గదా అని రెండు గ్లాసులు పట్టించారో, ఆ రాత్రి సూఫీల మాదిరి మేలుకోవలసిందే.

చేదు ఎందుకు తగ్గుతుందంటే, వేడినీళ్ళు పొడిలో ఉన్న మంచీ చెడూ రెండూ ఒక్కసారి లాగేస్తాయి. చన్నీళ్ళు నిదానం మీద ఏరుకుంటాయి. వాసన కూడా వేడికాఫీలా వీధి చివరిదాకా రాదు, అది లోటే. కడుపులో మంట ఉన్నవాళ్ళకి ఇది అమృతమనే మాట నమ్మేసెయ్యకండి. 2018లో అమెరికాలోని థామస్ జెఫర్సన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి, రెండింటి పులుపు కొలతా ఇంచుమించు ఒకటేననీ, వేడిగా దింపినదాంట్లో ఆమ్లాల మోతాదు మాత్రం కొంత ఎక్కువనీ తేల్చారు.

పొయ్యి లేని కాఫీ అని మా అమ్మాయి గొప్పగా చెప్పింది గాని, అదీ పూర్తి నిజం కాదు. కృష్ణపట్నం రేవులో దిగిన బొగ్గు పక్కనే నేలటూరులో ఉన్న దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రానికి పోతుంది. అక్కడ ఒక్కొక్కటి 800 మెగావాట్లవి మూడు యూనిట్లున్నాయి. మన ఫ్రిజ్ చల్లగా ఉండాలంటే ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి మండుతూనే ఉండాలి. అవ్వ ఊదిన పొయ్యి ఆరిపోలేదు, అంతెత్తు పొగగొట్టం పెట్టుకుని ఊరి పక్కకి మారింది. ఆ పొగ వంటింట్లో ఒక్కత్తే మింగేది కాస్తా ఇప్పుడు ఊరంతా పంచుకుంటోంది.

అయినా ఈ జాడీలో నాకు నచ్చింది ఒకటుంది. చద్దన్నం తర్వాత ఇన్నాళ్ళకి, రాత్రే పని ముగించి, మిగతాది కాలానికి అప్పగించి పడుకునే పద్ధతి మన పొద్దుటిపూటకి మళ్ళీ వచ్చింది. ఇందులో నేర్పు పెద్దగా లేదు, ఓపిక కూడా మనది కాదు, జాడీది.

మూడో రోజు ఆరున్నరకి మెలకువ వచ్చింది. వంటింట్లో చప్పుడు లేదు. పంపు చప్పుడు లేదు, గిన్నె చప్పుడు లేదు. గుండె ఝల్లుమంది. డెబ్భై దాటిన మనిషి, ఒంటరి ఇల్లు. గబగబా కిందికి దిగి గదిలోకి తొంగిచూశాను. నవారు మంచం మీద, చెంప కింద చెయ్యి పెట్టుకుని, అమ్మ నిద్రపోతోంది.

అలాగే నిలబడిపోయాను. పొద్దుటిపూట మా అమ్మ నిద్రపోతుంటే చూడటం ఇన్నేళ్ళ నా బతుకులో అదే మొదటిసారి.

అలికిడికి లేచి, సిగ్గుపడ్డట్టు జుట్టు సవరించుకుంది. "డికాషన్ చేసిపెట్టుండాది గదా అని... రొంతసేపు పడుకున్యా" అంది, ఎవరో సంజాయిషీ అడిగినట్టు.

పాలు పొంగించి, ఫ్రిజ్‌లోని డికాషన్ కలిపి, పొగలు కక్కుతుండగానే తీసుకొచ్చి చేతికిచ్చాను. ఐసు లేదు, ఆచారం లేదు. మా అమ్మాయి చూస్తే కోల్డ్ బ్రూకి ఘోర అపచారం జరిగిందనేది. అమ్మ లేవబోయింది. కూర్చోమన్నాను. మంచం మీదే కూర్చుని, ఊదుకుంటూ, చివరి చుక్కదాకా నిదానంగా తాగింది. అప్పుడు గ్లాసు నా చేతికిస్తూ అంది:

"చక్కెర రొంత తక్కువైందిమే."